టాబ్లెట్‌పై కూర్చి కలంతో గీసిన గుడ్డను కలంకారీ అనవచ్చునా?

బొగ్గుపుల్ల (తిరుపతి):

ఈ ప్రశ్న నా పనిలో నుండే పుట్టింది కనుక ముందుగా ఆ పనిని ఉన్నది ఉన్నట్లు చెబుతాను. నేను కంప్యూటర్ డిజైన్ చదువుకున్న తరువాత శ్రీకాళహస్తిలో ఒక గురువుగారి దగ్గర పధ్నాలుగు నెలలు కూర్చుని కలం పట్టడం నేర్చుకున్నాను. ఇప్పుడు బొమ్మ కూర్పు మాత్రం టాబ్లెట్‌పై చేస్తున్నాను. గజేంద్ర మోక్షం గీయాలంటే మడుగు ఎక్కడ ఉండాలి, మొసలి ఎటు తిరగాలి, గరుడవాహనం ఏ మూల నుండి దిగాలి అన్నవన్నీ తెరపై జరిపి జరిపి చూసుకుంటాను. కుదిరిన తరువాత, దూలానికి తలకిందులుగా బిగించిన ప్రొజెక్టర్‌తో ఆ రూపం బల్లపై పరచిన గుడ్డ మీద పడేటట్లు చేసి, చింతపుల్లల బొగ్గుతో గీసుకునే మెట్టును వదిలి, నేరుగా కలంతో గీస్తాను.

అక్కడి నుండి అంతా పాత పద్ధతే. గుడ్డ కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టిన నూలు గుడ్డ. నలుపుకు ఇనుప తుక్కును బెల్లం నీటిలో వారాల తరబడి పులియబెట్టిన కసిమి. ఎరుపు రావలసిన చోట పటిక నీరు, ఆపై ఉడకబెట్టడం, పారే నీటిలో జాడించడం, పసుపుకు కరక్కపువ్వు, నీలానికి నీలిమందు. ఒక్కొక్క గుడ్డకు నెలకు పైగా పడుతుంది.

మొన్న ఒక హస్తకళల ప్రదర్శనకు రెండు గుడ్డలు తీసుకువెళ్ళి ప్రొజెక్టర్ సంగతి దాచకుండా చెప్పాను. నిర్వాహకులు అవి కలంకారీ కిందికి రావని, ఆధునిక చిత్రకళ గదిలో పెట్టుకోమని అన్నారు. అదే ప్రాంగణంలో మూడవ అంగడిలో పాలిస్టర్‌పై స్క్రీన్ ప్రింట్ వేసిన చీరలు ‘అసలైన కలంకారీ’ అనే బోర్డు కింద అమ్ముడుపోతున్నాయి. నన్ను బయటకు పంపిన గీత ఏది, ఆ అంగడిని లోపల ఉంచిన గీత ఏది అన్నది నాకు అర్థం కాలేదు. పరికరం మారితే కళ పేరు మారుతుందా? మారితే ఏ మెట్టు దగ్గర మారుతుంది? ఈ పని తెలిసినవారు నన్ను నొప్పించకూడదని తగ్గించి మాట్లాడకుండా చెప్పాలని కోరుతున్నాను.

అచ్చుబల్ల (పెడన):

అమ్మా, మాది మూడు తరాలుగా అచ్చుల అద్దకం పని. కలం పట్టే శ్రీకాళహస్తివారి ముందు మా టేకు అచ్చు కూడా ఒకనాడు యంత్రమే. ఒక పువ్వును ఒకసారి చెక్కించి వెయ్యిసార్లు అద్దుకుంటాము, రంగుకొక అచ్చు చేయించుకుంటాము. అయినా మా గుడ్డను మచిలీపట్నం కలంకారీ అనే లోకం పిలిచింది, భౌగోళిక గుర్తింపు కూడా ఆ పేరుతోనే వచ్చింది. కనుక పరికరం వచ్చినందుకే కళ పోతుందని నేను అనలేను.

మాకు దెబ్బ తగిలింది మరొక వైపు నుండి. మా నాన్నగారు ఒక నెమలి అచ్చు చెక్కించారు. తోక ఈకలు అంచు దగ్గర పక్క అచ్చు ఈకలతో కలిసిపోయి, అతుకు ఎక్కడ ఉందో వెతికితే గాని కనబడేది కాదు. ఆ ఒక్క అతుకు కుదరడానికి చెక్కేవాడు మూడుసార్లు అచ్చు మార్చి చెక్కాడు. తరువాత ఒక వ్యాపారి నమూనాకని రెండు మీటర్లు కొనుక్కుపోయాడు. మరుసటి సీజనుకు అదే నెమలి స్క్రీన్ ప్రింట్‌లో, మా ధరలో నాలుగో వంతుకు బజారులోకి వచ్చింది. మా అచ్చులో ఒక ఈక చివర చెక్కు లేచి చిన్న గండి పడి ఉండేది. ఆ గండితో సహా దింపారు. ఇప్పుడు మా వీధిలో అచ్చులు చెక్కించుకునేవారు తగ్గిపోయారు, చెక్కేవారు వేరే పనులకు పోయారు.

మీ ప్రొజెక్టర్ ఎవరి నోటి దగ్గర కూడూ తీయలేదు. నా వరకు మీ గుడ్డ కలంకారీయే.

నల్లకుండ (హైదరాబాదు):

పెడనవారి బాధ న్యాయమైనదే, కాని అది వేరే ప్రశ్నకు జవాబు. దొంగతనం చేసినవాడు తప్పు చేశాడు కనుక దొంగతనం చేయనివారి పని అంతా కలంకారీ అవుతుందని చెప్పలేము. నేను ఇరవై ఏళ్ళుగా చిత్రకళ బోధిస్తున్నాను, శ్రీకాళహస్తి గుడ్డలను దగ్గర నుండి చూశాను. బొగ్గుపుల్ల గారి పనిలో పోయినది చిన్న మెట్టు కాదని నా అభిప్రాయం.

కలం అంటే వెదురుపుల్లకో ఈతపుల్లకో మొన చెక్కి, మొనకు కొంచెం పైన ఉన్ని చుట్టి, దారంతో బిగించిన సాధనం. కసిమిలో ముంచినప్పుడు ఆ ఉన్ని రంగును పట్టుకుంటుంది, వేళ్ళతో నొక్కితే మొనకు వదులుతుంది. నొక్కు ఎక్కువైతే గుడ్డపై బొట్టు పడుతుంది, తక్కువైతే గీత మధ్యలో ఎండిపోతుంది. కరక్కాయ పట్టిన గుడ్డపై పడిన కసిమి నల్లబడితే ఇక చెరపడం లేదు. బొగ్గుగీత దులిపితే పోతుంది, కసిమి గీత బ్రతుకంతా ఉంటుంది. అందుకే పనివాడు బొగ్గుతో గీసేటప్పుడే బొమ్మను చేతికి ఎక్కించుకుంటాడు, కలం పట్టేసరికి ఆ గీత చేతికి ఒకసారి తెలిసి ఉంటుంది. మీరు వదిలేసినది సరిగ్గా ఆ మెట్టునే.

రెండవది కొలత. పాత గుడ్డలో నడుమ పెద్ద గడి, చుట్టూ వరుసలుగా కథ, బొమ్మల కింద తెలుగు అక్షరాలు ఉంటాయి. గీసేవాడు గుడ్డ ముందు కూర్చుని, తన చెయ్యి అందినంత మేర చూస్తూ గీశాడు కనుక దూరంగా ఉన్న పరివారం ముఖాలకు తక్కువ గీతలు, నడుమ దేవుని కిరీటానికి ఎక్కువ గీతలు పడ్డాయి. తెరపై గీసేవారు ప్రతి ముఖాన్నీ పెద్దది చేసుకుని గీస్తారు కాబట్టి ప్రతి ముఖానికీ ఒకే శ్రద్ధ, ఒకే సంఖ్యలో గీతలు వచ్చి కూర్చుంటాయి. గుడ్డపైకి వచ్చాక కన్ను ఎక్కడ నిలవాలో తెలియక తిరుగుతుంది. నా విద్యార్థుల పనిలో ఈ దోషాన్ని రోజూ చూస్తున్నాను. మీ గజేంద్ర మోక్షంలో మడుగులోని చేపలకూ మొసలి కంటికీ ఒకే సాంద్రత ఉందా లేదా మీరే చూసుకోండి.

పాతకాగితం (విశాఖపట్నం):

నల్లకుండ గారు చెప్పిన కొలత మాట విలువైనది, దానితో నాకు పేచీ లేదు. అయితే బొగ్గుతో స్వయంగా గీయకపోతే కలంకారీ కాదన్న వాదానికి చరిత్ర ఒప్పుకోదు. తెలుగు నేర్చుకుని నిఘంటువు కూర్చిన ఫ్రెంచి జెసూట్ క్రైస్తవ మతబోధకుడు కేర్దూ 1742లో కోరమండల్ తీరపు అద్దకం పని గురించి వివరంగా లేఖ రాశాడు. అందులో పనివారు కాగితంపై ఉన్న బొమ్మ గీతల వెంబడి సూదితో చిల్లులు పొడిచి, ఆ కాగితాన్ని గుడ్డపై పరచి, బొగ్గుపొడి మూటతో రుద్ది రూపాన్ని దింపుకునేవారని ఉంది. ఆ కాగితాలపై ఉన్న బొమ్మలు కూడా అన్నీ ఇక్కడివి కావు. డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు ఐరోపా నుండి పంపిన నమూనాలు ఎన్నో ఉండేవి. చిల్లుల కాగితం చేసిన పనినే ఈనాడు ప్రొజెక్టర్ వెలుగుతో చేస్తున్నది.

ఐరోపావారు మన గుడ్డను చూసి ఎందుకు భయపడ్డారో కూడా గుర్తుచేయాలి. ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలు గుడ్డలను నిషేధించి 1759 వరకు ఆ నిషేధాన్ని కొనసాగించింది. ఇంగ్లండు 1700లో ఒకసారి, మరింత కఠినంగా 1721లో మరొకసారి చట్టాలు చేసింది. పువ్వుల నమూనాలు వారికి కరవు కాదు. ఉతికినా పోని రంగు వారికి చేతకాలేదు. పటికతో ఎరుపును, ఇనుముతో నలుపును నూలుకు పట్టించే పద్ధతి నేర్చుకున్న తరువాతనే వారి అద్దకం నిలదొక్కుకుంది. 1783లో రోలరు ముద్రణ యంత్రానికి పేటెంటు వచ్చాక మన తీరపు బజారు క్రమంగా కుంగిపోయింది. ఈ కళకు ప్రాణం ఎక్కడ ఉందో దోచుకున్నవారికి స్పష్టంగా తెలుసు: గుడ్డ, కరక్కాయ, పటిక, నీరు, ఎండ కలిసి చేసే పనిలో ఉంది.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. చిరివేరు నుండి తీసే ఎరుపుకు బదులుగా, 1868లో జర్మనీ ప్రయోగశాలలో తయారైన అలిజరిన్‌ను పెడన అద్దకంలో ఏనాటి నుండో వాడుతున్నారు. దానిని సంప్రదాయమని అంగీకరించినవారు ప్రొజెక్టర్‌ను మాత్రం గుమ్మం బయట నిలబెట్టడానికి గట్టి కారణం చూపాలి.

అచ్చుబల్ల (పెడన):

అలిజరిన్ మాట నిజమే. మేము దాచలేదు, అడిగినవారికి చెబుతూనే ఉన్నాము.

నల్లకుండ (హైదరాబాదు):

చిల్లుల కాగితం ఉదాహరణ నన్ను కొంత వెనక్కు తగ్గించింది, ఒప్పుకుంటున్నాను. అయినా ఒక తేడా మిగిలి ఉంది. చిల్లుల కాగితం దించేది పొడి చుక్కల వరుసను మాత్రమే. చుక్కకూ చుక్కకూ నడుమ గీతను చెయ్యే పూరించాలి. ప్రొజెక్టర్ దించేది పూర్తయిన గీతను, దాని మందంతో, వంపుతో సహా. అప్పుడు చెయ్యి గీస్తున్నదా, అనుసరిస్తున్నదా అన్నదే నా అనుమానం.

హక్కుపత్రం (విజయవాడ):

వృత్తిరీత్యా చట్టం తెలిసినవాడిని కాబట్టి ఎవరూ ఎత్తని ఒక సంగతి చెబుతాను. భౌగోళిక గుర్తింపు కాపాడేది పేరును, ఆ పేరుతో నమోదైన ప్రాంతాన్ని, పద్ధతిని. నెమలి బొమ్మను అది కాపాడదు. బొమ్మకు కాపీరైట్ ఉంటుంది గాని, అది వస్తువులపై వేసే డిజైన్‌గా నమోదుకు అర్హమైనదై ఉండి, 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు కాకపోతే, హక్కుదారుడు గాని ఆయన అనుమతితో మరొకరు గాని యాంత్రిక పద్ధతిలో యాభై కంటే ఎక్కువ ప్రతులు తీసినప్పుడు, కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం ఆ డిజైన్‌పై కాపీరైట్ ముగిసిపోతుంది. చేతితో ఒక్కొక్క గుడ్డ గీసుకుంటున్నంత కాలం ఈ ప్రమాదం ఉండదు. బొమ్మ ఫైలుగా మారి, సరేనని ఒక మిల్లుకు ఇచ్చిన నాడు ఉంటుంది. నమోదు చేసుకుంటే మొదట పదేళ్ళు, పొడిగించుకుంటే మరో ఐదేళ్ళు రక్షణ లభిస్తుంది. తెరపై పని చేసేవారు ప్రొజెక్టర్ గురించి కంటే ఈ విషయం గురించి ముందుగా ఆలోచించుకోవాలి.

ఇందులో నుండి మరొక ప్రశ్న వస్తుంది. బొగ్గుపుల్ల గారూ, మీ టాబ్లెట్‌లో ఉన్న గీతలన్నీ మీవేనా?

బొగ్గుపుల్ల (తిరుపతి):

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అన్నీ నావి కావు. నేర్చుకునే రోజుల్లో గురువుగారి పాత గుడ్డలను ఫొటోలు తీసుకున్నాను. వాటిలోని రెండు ముఖాలు, ఒక గరుడుని రెక్క నా కూర్పులలో పదేపదే వస్తున్నాయి. ఆయన చూసి నవ్వి ఊరుకున్నారు, కనుక అనుమతి ఉన్నట్లేనని అనుకున్నాను. నిన్న సాయంత్రం వారి ఇంటికి వెళ్ళి అడిగాను. గీతలు వాడుకోమన్నారు గాని, “ఆ రెక్క మా నాయన గీత అమ్మా, ఆయన పేరు ఎక్కడైనా రాయి” అన్నారు. ఇన్నేళ్ళూ ఆ రెక్క గురువుగారిదే అనుకున్నాను.

నల్లకుండ గారు చెప్పిన పరీక్ష కూడా చేసి చూశాను. గజేంద్ర మోక్షం గుడ్డను నేలపై పరచి పది అడుగుల దూరంలో నిలబడితే, చేపల పొలుసులు మొసలి కంటి కంటే ముందుగా కనబడ్డాయి. మీరు చెప్పిన దోషం ఉంది. ఇక నుండి టాబ్లెట్‌పై గడుల అమరిక, పెద్ద రూపాల స్థానం మాత్రమే చూసుకుని, ముఖాలను, ఆభరణాలను, నీటిని గుడ్డపైనే బొగ్గుతో గీసుకోవాలని నిర్ణయించుకున్నాను.

చెయ్యి గీస్తున్నదా అనుసరిస్తున్నదా అన్న అనుమానానికి మాత్రం నా అనుభవం చెప్పాలి. పై నుండి వెలుగు పడేటప్పుడు కలం పట్టిన చేతి నీడ సరిగ్గా మొన కిందనే పడుతుంది. గీయవలసిన గీత ఆ క్షణంలో కనబడదు. ముందున్న అంగుళాన్ని చూసి గుర్తు పెట్టుకుని, చీకటిలోకి గీయాలి. అప్పుడు పడిన కసిమి లేత బూడిదరంగులో కనబడి, చూస్తుండగానే నల్లబడుతుంది. చెయ్యి తీసి చూస్తే నా గీత వెలుగు గీతకు కొంత పక్కగా ఉంటుంది. మొదట్లో దానికి బాధపడేదాన్ని. ఇప్పుడు ఆ తేడా ఎటు ఉంటుందో నాకు తెలుసు. నా చెయ్యి ఎప్పుడూ కొంచెం ఎడమకు, కొంచెం గుండ్రంగా పోతుంది. గురువుగారు నా పనిని గుర్తుపట్టేది కూడా దానితోనే.

వచ్చే ప్రదర్శనకు గుడ్డ వెనుక ఒక చీటీ కుడుతున్నాను. ఏ గుడ్డ, ఏ రంగులు, అమరిక తెరపై చేసినది, గీత చేతిది, గరుడుని రెక్క ఎవరి నుండి వచ్చినది అన్నవి పేర్లతో సహా అందులో ఉంటాయి. పెడనవారు కూడా అలిజరిన్ సంగతి అలాగే చీటీపై రాస్తే, పక్క అంగడివారు తమ చీటీపై ఏమి రాస్తారో కొనేవారు అడగడం మొదలుపెడతారని నా ఆశ.

అచ్చుబల్ల (పెడన):

రాస్తామమ్మా. మీ చీటీ నమూనా ఇక్కడ పెట్టండి. మా అచ్చు చెక్కినవాడి పేరుకు కూడా అందులో ఒక వరుస ఉండాలి.