పదకొండేళ్ల పాపకు మాయల కథలు ఎంతవరకు?

ఎంవీపీ కాలనీ అమ్మ:
పోయిన ఆదివారం మా పాపను విశాఖ జగదాంబ సెంటర్ దగ్గర ఒక మాయల సినిమాకు తీసుకెళ్లాం. విరామం దాకా బాగానే ఉంది. ఆ తర్వాత తెర నిండా రాక్షసుడు నోరు తెరిచేసరికి గోళ్లు దిగేలా నా చెయ్యి పట్టుకుంది. రాత్రి జడుసుకుని లేచింది. మా అత్తయ్యగారు ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు. నాలుగు రోజులైనా గదిలో దీపం ఆర్పనివ్వడం లేదు. అదే పిల్ల పుస్తకంలో ఇంతకంటే భయంకరమైనవి చదువుతూ అన్నం సంగతే మరిచిపోతుంది! ఇలాంటివి పూర్తిగా మాన్పించాలా?

గాజువాక నాన్న:
మాన్పించండి. మా వాడికి పన్నెండు. 2024లో సెన్సారు వాళ్లు యూఏ (పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే) సర్టిఫికెట్టును 7+, 13+, 16+ ఏళ్లుగా విడదీశారు కదా, ఆ అంకె చూసే టికెట్టు కొంటాను. వాడికి ఆ వయసు వచ్చేదాకా మన పాత సినిమాలు చాలు. ‘మాయాబజార్’ చూసి జడుసుకున్న పిల్లలెవరైనా ఉన్నారా?

పెదవాల్తేరు టీచరు:
ఇరవై ఏళ్లుగా ఆరు, ఏడు తరగతులకు తెలుగు చెబుతున్నాను. ‘మాయాబజార్’ వరకు మీ మాట నిజమేనండి. కానీ 1951 నాటి ‘పాతాళ భైరవి’లో కథ మలుపు తిరిగేదే నరబలి దగ్గర. అయినా తోటరాముడు ఎదురుతిరిగి మాంత్రికుణ్ణే బలి ఇచ్చేసరికి మా పిల్లలు చప్పట్లు కొడతారు. కథలో ఆపద ఎంత పెద్దదైనా, దాన్ని ఎదుర్కొనే దారి ఒకటి పిల్లలకు కనబడుతోందా అని నేను చూస్తాను. యూఏ అంకె తల్లిదండ్రులకు సూచన మాత్రమే. పైగా మనం మాట్లాడుకుంటున్న 10, 11, 12 ఏళ్లు సరిగ్గా 7కీ 13కీ మధ్య పడిపోయాయి.

అమ్మగారూ, చదివేటప్పుడు రాక్షసుణ్ణి పాపే ఊహించుకుంటుంది, తను తట్టుకోగలిగినంత. బెదురు పుడితే పుస్తకం మూసేస్తుంది. హాల్లో ఆ రూపమూ, ఆ చప్పుడూ దర్శకుడు నిర్ణయించినవి. కొత్త సినిమా ఏదైనా ముందు ఇంట్లో, పగటిపూట, పక్కన కూర్చుని చూపించండి.

పుస్తకాలకూ ఒక జాగ్రత్త ఉంది. హ్యారీ పోటర్ మొదటి పుస్తకం 1997లో, ఏడోది 2007లో వచ్చాయి. పుస్తకానికో ఏడాది చొప్పున హ్యారీ పెరుగుతుంటే, అప్పటి పిల్లలూ ఎదురుచూస్తూ పెరిగారు. ఇప్పుడు ఏడూ ఒక్క వేసవి సెలవుల్లో అయిపోతున్నాయి. నాలుగో దాని చివర హ్యారీ కళ్లముందే తోటి విద్యార్థి హత్యకు గురవుతాడు. అందుకే మూడు చదివాక ఒక ఏడాది ఆగమంటాను. పిల్లలు నామీద అలుగుతారు, అలగనివ్వండి.

సినిమాల్లో నేను ముందు చెప్పేది జపాన్ దర్శకుడు మియాజాకి తీసిన ‘స్పిరిటెడ్ అవే’. పదేళ్ల పిల్ల కళ్లముందే అమ్మానాన్నలు పందులైపోతారు. భయమే! కానీ ఆ పిల్ల పని వెతుక్కుంటుంది, నేల తుడుస్తుంది, మంత్రగత్తె లాక్కున్న తన పేరు మరిచిపోకుండా కాపాడుకుంటుంది. ఆ మంత్రగత్తెను చంపాల్సిన అవసరమే రాదు.

గాజువాక నాన్న:
పుస్తకాల సంగతి ఒప్పుకున్నాను టీచరుగారూ. నాది షిఫ్టుల ఉద్యోగం. ప్రతి సినిమా పక్కన కూర్చుని చూసే తీరిక ఎక్కడిది? నాలాంటివాళ్లకు ఆ అంకె లేకపోతే కుదరదు.

పెదవాల్తేరు టీచరు:
అంకెను వదిలేయమనను. చూసొచ్చిన రోజు పది నిమిషాలు మాట్లాడించండి, చాలు. మీ వాణ్ణి ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి కూడా ఒకసారి తీసుకెళ్లండి, తనకు కావలసింది తననే వెతుక్కోనివ్వండి.

ఎంవీపీ కాలనీ అమ్మ:
రాత్రి పాపను అడిగాను. రాక్షసుడికి భయపడలేదట! కథలో తమ్ముడు గుహలో ఉండిపోయాడనీ, వాడేమయ్యాడో చివరిదాకా చెప్పలేదనీ అంది. పక్కనే కూర్చుని నేనే గమనించలేదు. ఇప్పుడు ఇద్దరం కలిసి వాణ్ణి బయటికి తెచ్చే కథ రాస్తున్నాం. మూడో పేజీలో ఉన్నాం, వాడింకా గుహలోనే ఉన్నాడు.