‘ఏఐ చేసిన’దా, ‘ఏఐతో చేసిన’దా? బొమ్మ మీద వేసే ముద్రకు తెలుగు మాట

పేజీ డెస్కు, చిక్కడపల్లి:
ఏఐ బొమ్మల మీద తెలుగులో ఏం రాయాలండీ? నగరంలో పండగ పోస్టర్లు, కాలనీ సంఘాల పేజీలు చూస్తే నాలుగు రకాలు కనిపిస్తున్నాయి: ‘ఏఐ చిత్రం’, ‘కృత్రిమ మేధస్సుతో సృష్టించిన చిత్రం’, ‘మార్ఫింగ్ ఫొటో’, ‘నకిలీ చిత్రం’. 2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకి వచ్చిన ఐటీ నిబంధనల సవరణ ప్రకారం, నిజమైనవిగా అనిపించే ఇలాంటి వాటికి కొట్టొచ్చినట్టు కనిపించే ముద్ర ఉండాలి. ఏ మాటైతే సరిపోతుంది?

వ్యాకరణం, నల్లకుంట:
ముందు ‘నకిలీ’ని పక్కన పెట్టండి. అది తీర్పు. ముద్ర చెప్పాల్సింది బొమ్మ ఎలా తయారైందన్నది మాత్రమే. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదమప్పుడు ఈ తేడా బాగా బయటపడింది. బుల్డోజర్ల ముందు పరుగెత్తే జింకలు, నెమళ్లతో ఏఐ బొమ్మలు విపరీతంగా తిరిగాయి. అవి ఫొటోలు కావు. కానీ అక్కడ చెట్లు కొట్టడం నిజం, సుప్రీంకోర్టు ఆ పని ఆపించడమూ నిజం. ‘నకిలీ’ అని ముద్ర కొడితే చెట్లు కొట్టడమే అబద్ధమన్న అర్థం వస్తుంది. ముద్రే లేకపోతే ఆ జింకను ఎవరో కెమెరాతో పట్టుకున్నారనుకుంటారు.

ఇక విభక్తి. ‘ఏఐ చేసిన బొమ్మ’ అంటే ఏఐ కర్త అవుతుంది. ‘కత్తి తరిగిన కూర’ అనం, ‘కత్తితో తరిగిన కూర’ అంటాం. ‘తో’ పెడితే ఏఐ పనిముట్టుగా నిలుస్తుంది. చేయించిన మనిషి వాక్యంలో లేకపోయినా ఉన్నట్టే తెలుస్తుంది. బాధ్యత ఉండాల్సింది ఆ మనిషి మీదే. ‘ఏఐ చేత సృష్టించబడిన’ మాత్రం వద్దు, అలా ఎవరూ మాట్లాడరు. నా ఓటు ‘ఏఐతో చేసిన బొమ్మ’కు.

డీటీపీ, కోఠి:
అచ్చు వైపు నుంచీ అదే మంచిది. ‘కృత్రిమ మేధస్సుతో సృష్టించిన చిత్రం’లో కృ, త్రి, స్సు, సృ, ష్టిం, త్రం అని ఆరుచోట్ల గీత కిందికి దిగే గుర్తులున్నాయి. వాట్సాప్‌లో బొమ్మ కుదించుకుపోయి వచ్చేసరికి చిన్న అక్షరాల్లో ఒత్తులన్నీ పూడుకుపోయి మరక మిగులుతుంది. ‘ఏఐతో చేసిన బొమ్మ’లో ఉన్న ఒత్తు ఒక్కటే. ముద్రను మూలకు నెట్టకండి, కత్తిరించేస్తారు. బొమ్మలోని ముఖ్యమైన ఆకారం మీదికి కొంచెం ఎక్కేలా, వెనక ముదురు పట్టీ వేసి పెట్టండి. కింది క్యాప్షన్‌లో రాస్తే చాలదు. బొమ్మ ఒకచోటికి, క్యాప్షన్ ఒకచోటికి పోతాయి.

గుర్తుపట్టడం గురించీ ఒక మాట. బొమ్మలోని దుకాణం బోర్డు మీద తెలుగు చెడితే అది ఏఐ పనేనని వెంటనే తేల్చకండి. ‘క్ష’ విడిపోయి పొల్లుతో ‘క్‌ష’గా పడితే అది డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో దక్షిణాసియా లిపుల అమరిక పెట్టుకోకపోవడం వల్ల. అక్షరాలన్నీ సరైనవే, కూర్పు చెడిందంతే. ఏఐ తప్పు వేరుగా ఉంటుంది: అసలు వర్ణమాలలోనే లేని అక్షరం, తలకట్టు ఉండకూడని బ, ల, జ అక్షరాల మీద తలకట్టు, ఏ హల్లుకూ చెందని ఒత్తు. కొత్త మోడళ్లు తెలుగును చాలావరకు సరిగ్గానే రాస్తున్నాయి కాబట్టి, బోర్డు శుభ్రంగా ఉందని అది ఫొటో అనుకోవడానికీ లేదు.

నిజనిర్ధారణ, తార్నాక:
‘మార్ఫింగ్’ను దాని అర్థానికే ఉంచండి. ఉన్న ఫొటోలో ముఖం మార్చడం వేరు, ఏమీ లేనిచోట మొత్తం పుట్టించడం వేరు. అందుకే రెండు ముద్రలు కావాలి: ‘ఏఐతో చేసిన బొమ్మ’, ‘ఏఐతో మార్చిన ఫొటో’. ఈ తేడా పాటించకపోతే ఏమవుతుందో 2024లో మెటా చూసింది. చిన్న మెరుగులు దిద్దిన ఫొటోలకూ ‘ఏఐతో చేసినది’ అన్న ముద్ర పడుతోందని ఫొటోగ్రాఫర్లు గొడవ చేస్తే, ఆ ఏడాది జులైలో దాన్ని ‘ఏఐ సమాచారం’గా మార్చుకుంది. రంగులు సరిచేయడం, మచ్చలు తీయడం లాంటి మామూలు దిద్దుబాట్లను మన నిబంధనలూ మినహాయించాయి.

పరీక్షించేటప్పుడు ఫార్వర్డ్ అయిన కాపీ వద్దు, మొదట పెట్టినవారి ఫైలు అడగండి. సీ2పీఏ (ఫైలు ఎలా తయారైందో ఆ ఫైలులోనే నమోదు చేసే ప్రమాణం) పద్ధతిలో పొదిగిన తయారీ వివరాలు స్క్రీన్‌షాట్ తీస్తే రావు, చాలా యాప్‌లు వాటిని తీసేస్తాయి. గూగుల్ సింథ్‌ఐడీ అనే కంటికి కనబడని గుర్తు పిక్సెళ్లలోనే ఉంటుంది కాబట్టి కొంత గట్టిది. జెమినై యాప్‌లో ఫైలు పెట్టి అడగొచ్చు. అయితే అది ఆ గుర్తు పెట్టినవాటినే పట్టుకుంటుంది, అన్ని ఏఐ బొమ్మలనూ కాదు. ‘గుర్తు దొరకలేదు’ అని వస్తే ‘అసలైన ఫొటో’ అని రాయకండి.

పేజీ డెస్కు, చిక్కడపల్లి:
‘బొమ్మ’ అంటే ఇక్కడ సినిమా అని కూడా కదండీ?

వ్యాకరణం, నల్లకుంట:
‘బొమ్మ హిట్టు’లో అవును. బొమ్మ మీదే రాసి ఉన్నప్పుడు ఆ అనుమానం రాదు. ఆ మాటకొస్తే ‘చిత్రం’కీ అదే చిక్కు. చోటుంటే కింద ‘ఫొటో కాదు’ అని చేర్చండి.

పేజీ డెస్కు, చిక్కడపల్లి:
ఆడియోకు?

నిజనిర్ధారణ, తార్నాక:
‘ఇది ఏఐతో చేసిన గొంతు’ అని మొదట్లోనే వినిపించాలి, నిబంధన కూడా ముందుగా చెప్పమనే అంటోంది. ఒక నిమిషం దాటితే మధ్యలో మళ్లీ చెప్పించండి. మొదటి ముక్క కోసేసి పంపడం చాలా తేలిక.