చెరకుకి ఒకే ట్రాక్టర్ వెనక రెండు ట్రాలీలు కట్టొచ్చా?

ఝరాసంగం రైతు:

అన్నలకు నమస్తే. మాది జహీరాబాద్ పక్కన. ఈ సీజన్‌లో చెరకు దూరం తోలాల్సి వస్తోంది, కిరాయి ట్రాక్టర్ల వాళ్లు టన్నుకి చెప్పే రేటు వింటే పంట పొలంలోనే వదిలేయడం నయం అనిపిస్తోంది. నా దగ్గర 50 హెచ్‌పీ ట్రాక్టర్, నాలుగు చక్రాల ట్రాలీ ఒకటి ఉన్నాయి. మా బావమరిది ట్రాలీ ఖాళీగా పడి ఉంది, అదీ నాలుగు చక్రాలదే. రెండూ ఒకదాని వెనక ఒకటి కట్టి తోలితే డ్రైవర్ ఒక్కడే, ఫ్యాక్టరీ యార్డులో లైను ఒక్కసారే, డీజిల్ కూడా డబుల్ కాదు. మహారాష్ట్ర నుంచి, బీదర్ వైపు నుంచి వచ్చే కోత ముఠాల ట్రాక్టర్లు చాలావరకు ఇలాగే తిరుగుతున్నాయి కదా, వాళ్లకి లేని భయం నాకెందుకు అని నా లెక్క. మా నాన్న మాత్రం వద్దంటే వద్దు అంటున్నాడు, ఎందుకని అడిగితే చెప్పడు.

దారి సంగతి చెప్తా. కొంత పొలం బాట, తర్వాత సింగిల్ తారు రోడ్డు, మధ్యలో వాగు మీద వంతెన, వంతెనకి ముందు బాగానే దిగుడు, చివర్లో 65వ నంబర్ హైవే దాటాలి. ట్రాలీకి తొమ్మిది టన్నుల దాకా వేస్తాం. బ్రేకులు ట్రాక్టర్‌వే, ట్రాలీలకి ఏమీ లేవు. లాగుతుందా లేదా అన్నది నా డౌటు కాదు, లాగుతుంది. సేఫా కాదా చెప్పండి.

సీజన్ డ్రైవర్:

కట్టొచ్చు తమ్మీ. మేం కడుతూనే ఉన్నాం, ప్రతి సీజన్‌లో అదే పని. కాకపోతే రోడ్డు మీద చూసినంత సులువు కాదు.

ముందు నీ ట్రాలీ వెనక ఉన్న హుక్కు కిందికి దూరి చూడు. చాలా ట్రాలీలకి ఆ హుక్కు వెనక అడ్డ చానెల్‌కి (ట్రాలీ కింద అడ్డంగా ఉండే ఇనుప పట్టీకి) ఊరికే వెల్డింగ్ కొట్టి వదిలేస్తారు, బురదలో దిగబడితే ఇంకో ట్రాక్టర్‌తో లాగించుకోవడానికి. పదకొండు టన్నుల బండిని రోజూ దానికి తగిలించి గుంతల్లో గుంజితే వెల్డింగ్ ఎక్కడో చీలుతుంది, చెరకు ఆకు కమ్ముకుని ఉంటుంది కాబట్టి నీకు కనపడదు కూడా. హుక్కు ప్లేటు రెండు పొడవు చానెళ్లకీ బోల్టులతో పట్టి ఉండాలి. పిన్ను విషయంలో అస్సలు కక్కుర్తి పడకు, ఇనుప కడ్డీ ముక్క కోసి పెట్టేవాళ్లని చూశా, వాళ్ల గురించి ఏం చెప్పను. అసలు పిన్ను, దానికి లాకు, పక్కన గొలుసు, ఈ మూడూ రెండు చోట్లా ఉండాలి.

ట్రాక్టర్‌కి కుడి, ఎడమ బ్రేకు పెడల్స్ రెండు ఉంటాయి కదా, పొలంలో మలుపు కోసం విడదీసి, రోడ్డెక్కేటప్పుడు కలిపి లాక్ చేయడం మర్చిపోతారు. ఒంటి ట్రాలీతో అయితే ఎలాగో బయటపడతావు. రెండు ట్రాలీలతో ఒక పక్క బ్రేకు మాత్రమే పడితే ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది, వెనక బరువు దాని మీదికి ఎక్కేస్తుంది. దిగుడులో న్యూట్రల్ అనే మాటే వద్దు, దిగకముందే తక్కువ గేరులో వేసుకుని అదే గేరులో దిగాలి. బరువు ట్రాలీ ముందు ఉండాలి, తేలికది వెనక. రివర్స్ సంగతి మర్చిపో, రెండు ట్రాలీలతో వెనక్కి పోగలిగినోడు నాకైతే ఇంతవరకు తగల్లేదు.

ఇవన్నీ చేస్తే నడుస్తుంది.

మెకానిక్ షెడ్:

పైన అన్న చెప్పిన జాగ్రత్తలన్నీ నిజమే, ఒక్కటీ కాదనను. కానీ "ఇవన్నీ చేస్తే నడుస్తుంది" దగ్గర నేను ఆగిపోతా, ఎందుకంటే ఆ వంతెన ముందు దిగుడు లెక్క వేరే ఉంది.

50 హెచ్‌పీ ట్రాక్టర్ బరువు రమారమి 2.2 టన్నులు. బ్రేకులు వెనక చక్రాలకే. వాటి మీద పడే బరువు టన్నున్నర లోపే, నాలుగు చక్రాల ట్రాలీ తన బరువు తనే మోసుకుంటుంది కాబట్టి హుక్కు మీద అదనంగా ఏమీ పడదు. పొడి తారు మీద టైరు పట్టు బాగుంటే మొత్తం మీద ఒక టన్ను బలంతో ఆపగలవు. అంతకు మించి బ్రేకు తొక్కితే చక్రం జారుతుంది తప్ప బండి ఆగదు. ఇప్పుడు వెనక చూడు. ఖాళీ ట్రాలీ రెండు టన్నులు అనుకుంటే చెరకుతో పదకొండు, రెండూ కలిపి ఇరవై రెండు, ట్రాక్టర్‌తో ఇరవై నాలుగు దాటింది. ఇరవై అడుగులకి ఒక అడుగు దిగే రోడ్డు మీద ఆ బరువు నిన్ను 1.2 టన్నుల బలంతో కిందికి తోస్తుంది. బ్రేకు ఒక టన్ను, టైర్లు దొర్లడంలో పోయేది ఇంకో మూడున్నర క్వింటాళ్లు. ఆ రెండూ కలిపి తోపుడు మీద గెలిచేది ఒకటిన్నర క్వింటాళ్లు మాత్రమే.

గంటకి 20 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే ఆగడానికి 200 మీటర్లు దాటుతుంది. అదే ఒంటి ట్రాలీ అయితే 40 మీటర్ల దగ్గర ఆగుతుంది. బరువు రెట్టింపు కూడా కాలేదు, దూరం మాత్రం ఐదు రెట్ల పైన అయింది, ఇదే జనానికి అర్థం కాని విషయం. రోడ్డు మీద ఇసుకో, చెరకు ఆకో, మంచు తడో ఉండి పట్టు సగానికి పడిపోయిందనుకో, అసలు ఆగదు, వేగం పెరుగుతూనే పోతుంది. ఈ లెక్కలో డ్రైవర్ కాలు పెడల్ మీదికి పోయే టైమ్ కలపలేదు, అరిగిన టైర్లు కలపలేదు.

సీజన్ డ్రైవర్:

అన్నా, లెక్క బాగుంది కానీ మేం దిగుడులో బ్రేకు మీద ఆధారపడం, గేరు మీద దిగుతాం. ఇంజనే పట్టుకుంటుంది. నీ లెక్క ప్రకారం అయితే ఈపాటికి మేమందరం వాగులో ఉండాలి.

మెకానిక్ షెడ్:

ఇంజన్ పట్టుకునేది కూడా ఆ రెండు వెనక టైర్ల ద్వారానే కదా అన్నా. రోడ్డుని తాకేది అవే. గేరులో దిగడం వల్ల లాభం ఏంటంటే మొదటి నుంచీ వేగం ఐదారు కిలోమీటర్లే ఉంటుంది, బ్రేకు లైనర్లు కాలవు. అది పెద్ద లాభమే, నువ్వు వాగులో లేకపోవడానికి కారణం అదే. కానీ టైరు పట్టు తప్పిందంటే గేరూ లేదు, బ్రేకూ లేదు. పైగా నువ్వు సీజనంతా ఇదే పని చేసేవాడివి, నీ చేతికి, నీ కాలికి అలవాటు. ఇతను పదిహేను రోజులు తోలి మానేసేవాడు. ఇద్దరికీ ఒకే సలహా ఎలా ఇస్తాం?

ఝరాసంగం రైతు:

మెకానిక్ అన్నా, లెక్క చదివాక కొంచెం టెన్షన్ పట్టుకుంది. రెండు చక్రాల ట్రాలీలైతే బరువు ట్రాక్టర్ మీద పడుతుంది కదా, అప్పుడు పట్టు పెరుగుతుందా? టైర్లలో నీళ్లు నింపితే?

మెకానిక్ షెడ్:

రెండు చక్రాలదైతే వెనక చక్రాల మీద బరువు పెరుగుతుంది, పట్టు పెరుగుతుంది, నిజమే. కానీ అదే బరువుకి ట్రాక్టర్ ముందు భాగం తేలిపోతుంది, ఎక్కుడులో స్టీరింగ్ తిప్పినా మాట వినదు, ముందు వెయిట్లు పెట్టుకోవాలి. పైగా ఆ పట్టు మొదటి ట్రాలీ పుణ్యం. రెండోది దాని తోకకి వేలాడుతుంది, వెనక హుక్కుని కిందికి నొక్కితే ముందు హుక్కు పైకి లేస్తుంది, వచ్చిన లాభం అక్కడే పోతుంది. టైర్లలో నీళ్లు నింపితే కొన్ని క్వింటాళ్లు కలిసొస్తాయి, మంచిదే, కానీ ఇరవై రెండు టన్నుల ముందు అదెంత.

అసలు మందు ట్రాలీకి బ్రేకులు. ట్రాలీ చక్రాల మీదే పదకొండు టన్నుల బరువు ఉంది, ఆపే పట్టంతా అక్కడే ఉంది, మనం దాన్ని వాడుకోవట్లేదు.

పెర్త్ తెలుగోడు:

ఈ చివరి మాట దగ్గర ఒకటి కలుపుతా. నేను పశ్చిమ ఆస్ట్రేలియాలో ఉంటా, ఇక్కడ రోడ్ ట్రెయిన్లు అని ఉంటాయి, ఒక లారీ వెనక మూడేసి ట్రెయిలర్లు, పొడవు 53.5 మీటర్ల దాకా. కొత్తగా వచ్చినప్పుడు మనవాళ్లందరూ ఫోటో తీసి ఊరికి పంపేది వీటినే. అవి నడుస్తున్నాయంటే ప్రతి ఇరుసుకీ ఎయిర్ బ్రేకులు ఉండబట్టే. గాలి పైపు తెగినా, ట్రెయిలర్ ఊడినా బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. ఆ పొడవు బండ్లని అనుమతించిన రూట్లలోనే తిరగనిస్తారు, సిటీ నడిబొడ్డులోకి రానివ్వరు. కాబట్టి "వేరే దేశాల్లో మూడు కడుతున్నారుగా" అని ఎవరైనా అంటే, అక్కడ కట్టేది మూడు ట్రెయిలర్లు కాదు, బ్రేకులున్న మూడు బండ్లు అని చెప్పండి. ఇంకోటి, ముందు బండి స్టీరింగ్ కొంచెం అటూఇటూ కదిలితే చివరి ట్రెయిలర్ అంతకంటే ఎక్కువ ఊగుతుంది. మన ట్రాలీల్లో పిన్ను వదులుగా ఉంటుంది కాబట్టి తక్కువ వేగంలోనే ఆ ఊపు కనిపిస్తుంది.

హైవే మీద రోజూ:

నేను ట్రాక్టర్ వాడిని కాదు, 65 మీద రోజూ బైక్ మీద పోయేవాడిని. అందరూ దిగుడు గురించే మాట్లాడుతున్నారు, నాకు భయం వేసేది హైవే దాటడం.

ట్రాక్టర్, రెండు ట్రాలీలు కలిపితే సుమారు 16 మీటర్లు. నాలుగు లైన్లు, మధ్యలో డివైడర్ గ్యాప్, పక్క అంచులు అన్నీ కలిపి ఒక 25 మీటర్లు. అంటే నీ తోక అవతల గట్టు ఎక్కాలంటే 40 మీటర్ల పైన కదలాలి. లోడు మీద నువ్వు కదిలేది మనిషి నడక వేగమే, కాబట్టి అరనిమిషం దగ్గర పడుతుంది. 100 మీద వచ్చే కారు ఆ అరనిమిషంలో ముప్పావు కిలోమీటర్ దాటి వచ్చేస్తుంది, నువ్వు బయల్దేరినప్పుడు అది నీకు కనపడను కూడా కనపడదు. ఒంటి ట్రాలీ అయితే డివైడర్ గ్యాప్‌లో ఆగుదాం అనుకున్నా తోక కొంతే బయట ఉంటుంది. రెండు అయితే వెనక ట్రాలీ మొత్తం ఫాస్ట్ లైన్‌లో అడ్డంగా ఉంటుంది.

చీకట్లో ఇంకా ఘోరం. ఓవర్‌టేక్ చేసేవాడు ఒక ట్రాలీ దాటగానే అయిపోయింది అనుకుని ఎడమకి కొట్టేస్తాడు, అక్కడ ఇంకోటి ఉంటుంది. వెనక లైటు ఉండదు, చెరకు వేలాడి రిఫ్లెక్టర్ కనపడదు. దయచేసి వెనకా, రెండు పక్కలా రేడియం టేపు అంటించండి, చెరకు కిందికి వేలాడని ఎత్తులో. టేపు రోల్‌కి అయ్యే ఖర్చు ఒక పూట డీజిల్ కూడా కాదు. ఇంకా, కూలీలని రెండు ట్రాలీల మధ్య కడ్డీ మీద కూర్చోబెట్టకండి, ఇది చూసినప్పుడల్లా నా గుండె జారిపోతుంది.

కాగితాల పని:

చట్టం వైపు నాలుగు ముక్కలు. ట్రాలీ అంటే చట్టం దృష్టిలో విడి వాహనం, దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే ఇన్సూరెన్స్ ఉండాలి. ట్రాక్టర్‌కి పాలసీ ఉంది కదా చాలు అనుకుంటారు. వెనక ట్రాలీ ఎవరినైనా గుద్దితే, దాని పేరు పాలసీలో లేకపోతే కంపెనీ మొదట అడిగేది అదే, కేసు ఏళ్లు నడుస్తుంది. బావమరిది ట్రాలీ అంటున్నారు, దాని కాగితాలు ఆయన పేరు మీద ఉంటాయి, ప్రమాదం జరిగితే ఆయన్ని కూడా కోర్టుకి లాగుతారు, ఇది ముందే చెప్పి తీసుకోండి.

కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో ట్రాక్టర్, ట్రెయిలర్ కలిపి పొడవుకి ఒక పరిమితి ఉంది. పొడవు మీకు సరిపోవచ్చు, బరువు సరిపోదు. ట్రాలీ ఆర్సీలో రాసిన బరువు ఎంతో చూసుకోండి, తొమ్మిది టన్నులు అందులో ఉండకపోవచ్చు. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కి 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకి 2 వేలు. సీజన్‌లో ఎవరూ పట్టుకోరు అంటారు. మామూలు రోజుల్లో నిజమే. ప్రమాదం జరిగిన రోజు మాత్రం కాటా చీటీయే సాక్ష్యం అవుతుంది, అందులో బరువు కిలోలతో సహా ఉంటుంది.

సీజన్ డ్రైవర్:

ఆ దిగుడు, ఆ హైవే రెండూ ఒకే దారిలో ఉన్నాయంటే నేనూ కొంచెం ఆలోచిస్తా తమ్మీ. మా లైన్లో చదును ఎక్కువ, హైవే కింది నుంచి అండర్‌పాస్ ఉంది, అందుకే మాకు నడుస్తోంది.

నీకు రెండో ట్రాలీ ఉంది కదా, దాన్ని వెనక కట్టడం దేనికి? ఒకటి పొలంలో వదిలెయ్, ముఠా దాంట్లో నింపుతూ ఉంటుంది. నువ్వు నిండింది తీసుకుని యార్డుకి పో, ఖాళీది తెచ్చి వదిలి నిండింది తగిలించుకో. నీకు టైమ్ పోయేది రోడ్డు మీద కాదు, పొలంలో లోడింగ్ కోసం ట్రాక్టర్ ఖాళీగా నిలబడటంలో. అది పోతే రోజుకి ఒక ట్రిప్పు తేడా రావచ్చు. డీజిల్ కొంచెం ఎక్కువవుతుంది, అవనీ.

ఝరాసంగం రైతు:

ఇది నాకు తట్టలేదన్నా. ముఠా మేస్త్రీతో మాట్లాడా, వాళ్లకి అభ్యంతరం లేదట, ట్రాలీ ఎప్పుడూ పొలంలోనే ఉంటే వాళ్లకే మేలు అంటున్నాడు. యార్డులో లైను రెండుసార్లు నిలబడాలి, అదొక్కటే బాధ. రెండో ట్రాలీకి ఇన్సూరెన్స్ అయిపోయిందని ఇవాళే తెలిసింది, ముందు అది కట్టించాలి. నాన్నకి మెకానిక్ అన్న లెక్క చదివి వినిపించా, "నేను చెప్పింది అదేగా" అన్నాడు. ఎప్పుడు చెప్పాడో ఆయనకే తెలియాలి.

మెకానిక్ షెడ్:

పొలంలో విప్పి వదిలిన ట్రాలీ చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టించు, ముందు చక్రాలు తిన్నగా ఉంచి విప్పు. లోడు ఎక్కేకొద్దీ మెత్తటి నేలలో దిగబడుతుంది, కాబట్టి బాట పక్కన గట్టి చోటే వదులు, చేను మధ్యలో కాదు. బ్రేకుల కోసం ఎండాకాలంలో ఖాళీ ఉన్నప్పుడు రా, ఇరుసు చూసి చెప్తా.