కొలువు ఇడ్సి ఆరేండ్లు, ఫుకట్‌ల పని చేస్తే ధైర్యం వస్తదా? మీరేమంటరు

సుబేదారి_అక్క:
అందరికి నమస్తే. నేను హైదరాబాద్‌ల ఒక కంపెనీల అకౌంట్స్ చూసేదాన్ని, 2019ల మా అత్తమ్మకు పక్షవాతం వస్తే కొలువు ఇడ్సిపెట్టి హన్మకొండకు వచ్చేసిన. పోయినేడు ఆమె కాలం చేసింది. ఇగ మళ్ల పనికి పోదామని మొన్న ఇంటర్వ్యూకు పోతే "ఆరేండ్లు ఏం జేసిన్రు మేడం" అన్నరు, అంతే, నోట్లె మాట నోట్లెనే ఉండిపోయింది. అత్తమ్మ మూతి తుడిచిన, రెండు గంటలకోసారి పక్కకు తిప్పిన, మందులు టైంకు ఏసిన అని చెప్తే అది పని అంటరా? బయటికొచ్చి బస్టాండ్‌ల కూసోని ఏడ్చిన. మా ఆడిబిడ్డ రక్తదానం క్యాంపులకు వాలంటీర్‌గ రా వదినా, బుగులు పోతది అంటున్నది. మా తమ్ముడేమో పైసలు తీస్కోకుండ చేస్తే విలువ ఉండదక్కా అంటడు.

మట్టెవాడ:
పో అక్కా. నేను చేసే షాప్ మూసేసినంక ఏడాదిన్నర ఇంట్లనే ఉన్న, ఏం నడుస్తుందిరా అని అడుగుతరని చీకటి పడ్డంకనే చౌరస్తాకు పోయేటోన్ని. దోస్తు గుంజుకపోయి క్యాంపుల ఫారాల బల్ల కాడ కూసోపెట్టిండు. పేరు, వయసు, బరువు, పొద్దున ఏమన్న తిన్నవా, ఇంతకుముందు ఎప్పుడిచ్చినవ్. మొదటి ఫారంల చెయ్యి వణికి వయసు కాడ బరువు రాసిన. ఒక డిగ్రీ పిల్ల వచ్చింది, హిమోగ్లోబిన్ 11 ఉంది, 12.5 ఉంటేనే తీస్కుంటరు, ఇప్పుడు వద్దమ్మా అంటే కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది, వాళ్ల పక్కింటి బాబుకు తలసేమియా అట, ఒంట్ల రక్తం సరిగ తయారుగాని జబ్బు. ఆ పిల్లకు నచ్చజెప్పే పని నామీద పడ్డది, పావుగంట మాట్లాడిన. కొలువు పోయినంక నేను గంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి.
తలసేమియా ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కియ్యాలె. బ్యాగుల రక్తం 35 రోజులు, మహా అంటే 42 రోజులు ఉంటది, ఎండకాలం కాలేజీలు బందైతే క్యాంపులు తగ్గుతయ్. అందుకే నువ్వు పోకపోతే అక్కడ తెలుస్తది అక్కా, ఇంట్ల కూసున్నోనికి గది మస్తు పెద్ద ముచ్చట.

కాశిబుగ్గ:
అన్న మంచిగ చెప్పిండు గని నేను ఒప్పుకోను. నాకు గూడ మూడేండ్ల గ్యాప్ వచ్చినప్పుడు ఒక ప్రైవేట్ బడిల "అనుభవం కోసం రెండు నెలలు ఊకనే చెప్పు, తర్వాత చూద్దాం" అన్నరు. ఐదు నెలలు చెప్పిచ్చుకున్నరు, పేపర్లు గూడ దిద్దిచ్చుకున్నరు, తర్వాత కొత్త అమ్మాయిని తీస్కున్నరు. ఉన్న ధైర్యం గూడ పోయింది నాకు. విద్యా వాలంటీర్ల సంగతి అందరికి తెల్సిందే గదా, నెలకు 12 వేలకు సర్కార్ బడులల్ల పాఠాలు చెప్పిన్రు, 2020ల కరోనాకు బడులు మూతపడంగనే మళ్ల పిలువలే. వాలంటీర్ అనే మాట ఉన్న కాడ మనిషికి హక్కు ఉండదు.
ఇంకోటి. ఆరేండ్లు అత్తకు చేసింది ఫుకట్‌దే గదా అక్కా? దాంతోని ధైర్యం వచ్చిందా? రాలే. మరి ఇంకో ఫుకట్ పనితోని ఎట్ల వస్తది?

మట్టెవాడ:
నీకు జరిగింది మోసం చెల్లె. ఆ బడి ఫీజులు తీస్కుంటది, నీకియ్యాల్సిన జీతం మిగిలిచ్చుకున్నది. రక్తం క్యాంపు గట్ల కాదు, అక్కడ ఇచ్చేటోడు గూడ ఊకనే ఇస్తడు.

నర్సంపేట_రోడ్:
నేను రైస్‌మిల్లుల లెక్కలు చూస్త, అకౌంటెంట్లను తీస్కునేటప్పుడు నేనే కూసుంట. గ్యాప్ అని ఎవ్వర్నీ వాపస్ పంపలే అక్కా, కాని ఈ ఆరేండ్లల్ల మారింది తెల్వకపోతే కష్టం. 2023 ఆగస్టు నుంచి ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటినోళ్లకు ఈ-ఇన్‌వాయిస్, అంటే బిల్లు సర్కార్ పోర్టల్‌ల ఎక్కిచ్చుడు, తప్పదు, కొన్నదానిమీద కట్టిన జీఎస్టీ క్రెడిట్ టూబీల, అంటే జీఎస్టీ పోర్టల్ ఇచ్చే లిస్టుల, కనబడితేనే ఇస్తరు. 2019ల ఈ రెండూ లేవు. ఇవి ముందుగాల నేర్చుకో, నెల రోజుల పని. క్యాంపుకు పోతే పో, జూస్ పంచుడు కాడనే ఆగకు, వచ్చిన చందాలు, అయిన ఖర్చులు నేను రాస్త అని అడుగు. రేపు నా అసొంటోడు అడిగితే చెప్పనీకి ఉంటది. అత్తమ్మకు చేసింది గూడ దాచకు, సిగ్గుపడే పని కాదది.

సుబేదారి_అక్క:
కాశిబుగ్గ చెల్లె, నువ్వు అడిగినదానికి రాత్రంత ఆలోచించిన. ఇంట్ల చేసిన ఆరేండ్లు నన్ను పేరు పెట్టి పిలిచినోళ్లు లేరు. కోడలు, వదిన, అమ్మ, అంతే. మట్టెవాడ తమ్ముడు కూసున్న బల్ల కాడ నా పేరుతోని పిలుస్తరు గదా, నాకు గదే కావాలనిపిస్తున్నది. నెలకు రెండు ఆదివారాలు, మూడు నెలలు, ఆమీద బంద్ అని ఆడిబిడ్డకు చెప్పిన, లెక్కలు గూడ అడిగిన. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ నేర్చుకునుడు పొద్దుగాల పిల్లలు బడికి పోయినంక మొదలుపెట్టిన.

కాశిబుగ్గ:
తారీఖు పెట్టుకున్నవ్, అది మంచిగైంది. నా మాట మీద నేనున్న గని, ఆటో కిరాయి మాత్రం వాళ్లనే అడుగు అక్కా. రానుపోను పైసలు గూడ నీయే అంటే ఆ పొద్దే వచ్చేసెయ్.