ఫీల్డ్ వర్క్ లేని ఎంఎస్‌డబ్ల్యూ డిసర్టేషన్... మెథడాలజీలో ఏం రాయాలి?

తిరుపతి_ఫైనలియర్:
అందరికీ నమస్తే. తిరుపతిలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేస్తున్నాను. బాల్య వివాహాల మీద డిసర్టేషన్ (కోర్సులో భాగంగా రాసే పరిశోధన వ్యాసం). మొదట పీలేరు వైపు రెండు మూడు పల్లెలు తిరిగి ఇంటర్వ్యూలు చేద్దామనుకున్నాను, కానీ పద్దెనిమిది నిండని పిల్లలతో మాట్లాడాలంటే పర్మిషన్లు, పెద్దల సమ్మతి, ఎథిక్స్ కమిటీ, ఇవన్నీ అయ్యేసరికి సెమిస్టరే అయిపోతుందని మా గైడ్ మేడమ్ "ఉన్న పరిశోధనల మీదే చేసుకోమ్మా" అన్నారు. సరేనన్నాను. ఇప్పుడు 40 పేపర్లు డౌన్‌లోడ్ చేసి ఒక్కోదానికి ఒక్కో పేరా రాసుకుంటూ పోతున్నా, పన్నెండు పేజీలయ్యాయి, చదువుతుంటే నాకే నిద్రొస్తోంది. పైగా మెథడాలజీ చాప్టర్ (పరిశోధన ఎలా చేశామో చెప్పేది) ఒకటి ఉంది కదా, నేను ఎవరినీ కలవలేదు, ఏమీ చేయలేదు, అందులో ఏం రాయాలి? టైటిల్ "భారతదేశంలో బాల్య వివాహాలు: కారణాలు, పరిణామాలు, నివారణ". టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

చిత్తూరు_సీనియర్:
చెల్లీ, ముందు ఆ టైటిల్ తీసెయ్. కారణాలు, పరిణామాలు, నివారణ మూడూ ఒకేసారి పెట్టుకుంటే ఏ పేపర్ దొరికినా అది నీకు పనికొచ్చేదే అవుతుంది, ఇక దేన్నీ వదలలేవు. నీకు నిద్రొస్తోంది అందుకే. ఒక్క ప్రశ్న పట్టుకో. ఉదాహరణకి, బడి మానేశాక పెళ్లి చేస్తున్నారా, పెళ్లి కుదిరాక బడి మానిపిస్తున్నారా? దీని మీద పరిశోధకులందరూ ఒకే మాట చెప్పకపోవచ్చు, ఎవరు ఎక్కడ విభేదించారో, ఎందుకో చూపిస్తే అదే నీ డిసర్టేషన్. పేపర్ల కాలం 2006 నుంచి అని పెట్టుకో, బాల్య వివాహ నిషేధ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించిన సంవత్సరం అది. వైవాలో "2006 ఎందుకు?" అని అడిగితే చెప్పడానికి కారణం ఉంటుంది. నేను "గత పదేళ్లు" అని రాసి, పదే ఎందుకంటే నోరు తెరవలేకపోయా.

లైబ్రరీ_పక్షి:
"నేనేమీ చేయలేదు" అనుకోవద్దు. నువ్వు వెతికిన తీరే నీ మెథడాలజీ. ఒక నోట్‌బుక్ పెట్టు: ఏ తేదీన, ఎక్కడ (గూగుల్ స్కాలర్, మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ సైట్, ఇంకేదైనా), ఏ పదాలతో వెతికావు, ఎన్నొచ్చాయి, ఎన్ని ఉంచావు, మిగతావి ఎందుకు తీసేశావు. ఈ చివరిది అందరూ ఎగ్గొడతారు, ఎగ్జామినర్ అడిగేది మాత్రం అదే. ఇంగ్లీషులో "చైల్డ్ మ్యారేజ్" ఒక్కటే కొడితే సగం పేపర్లు తప్పిపోతాయి, "ఎర్లీ మ్యారేజ్", "అడాలసెంట్ మ్యారేజ్" కూడా కొట్టాలి.

తర్వాత ఒక చార్ట్ పేపర్ కొనుక్కో. నేను హాస్టల్ గోడకి అతికించుకున్నా, రూమ్మేట్ తిట్టింది, అది వేరే సంగతి. అడ్డంగా పేపర్లు, నిలువుగా నీ ప్రశ్నకి సంబంధించిన గళ్లు: ఏ ఊరు, ఎవరిని అడిగారు, ఎంతమందిని, బడి గురించి ఏం తేలింది, పేదరికం గురించి, కట్నం గురించి. నింపాక గడుల వరసలో రాయాలి, పేపర్ల వరసలో కాదు. "ఫలానా ఆయన ఇలా అన్నారు, ఫలానా ఆమె అలా అన్నారు" అని పేరాకొకరు ఉంటే అది పెళ్లి చదివింపుల లిస్టులా ఉంటుంది.

లెక్కల_మాస్టారు:
గణాంకాలు వాడేటప్పుడు ఒక జాగ్రత్త. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే)లో ఆంధ్రప్రదేశ్‌కి 29.3 శాతం, దేశానికి 23.3 శాతం అని ఉంటుంది. అది 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిదికి ముందే పెళ్లయిన వాళ్ల శాతం, ఆ ఏడాది జరిగిన పెళ్లిళ్ల లెక్క కాదు. మన రాష్ట్రంలో సర్వే జరిగింది 2019లో, కరోనాకి ముందే. అయినా కరోనా వల్ల పెరిగాయని రాసి ఈ అంకెనే పెట్టేవాళ్లున్నారు! ఇంకొకటి, అందులో చిత్తూరు అంటే పాత చిత్తూరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు మీ పీలేరు అన్నమయ్యలోకి పోయింది, నెల్లూరు వైపు గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. పాత అంకె తీసుకొచ్చి "తిరుపతి జిల్లాలో" అని రాస్తే తప్పు.

పీహెచ్‌డీ_అన్న:
ప్రిస్మా ఫ్లో డయాగ్రమ్ (ఎన్ని పేపర్లు దొరికాయి, ఎన్ని తీసేశాం, ఎన్ని మిగిలాయో చూపించే బొమ్మ) పెట్టండి, నీట్‌గా ఉంటుంది.

లైబ్రరీ_పక్షి:
డయాగ్రమ్ పెట్టుకోవచ్చు అన్నా, కానీ ఆ బొమ్మ పెట్టి "సిస్టమాటిక్ రివ్యూ" అని పేరు రాస్తే చిక్కు. దానికి సాధారణంగా ఇద్దరు విడివిడిగా పేపర్లు ఎంచి పోల్చుకుంటారు. ఈ అమ్మాయి ఒక్కతే చేస్తోంది, "లిటరేచర్ రివ్యూ" అని నిజాయితీగా రాసుకుంటే పోయేదేమీ లేదు.

చిత్తూరు_సీనియర్:
ప్లేజరిజం (ఇతరుల రాతల్ని ఎత్తి రాయడం) సంగతి మర్చిపోయాం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలిక ఉంటే పెనాల్టీ లేదు, దాటితే తిప్పలు. నా మొదటి డ్రాఫ్ట్‌కి 34 వచ్చింది. సగం ఎక్కడ పట్టిందో తెలుసా, నిర్వచనాల దగ్గర. సైట్లలోంచి ఎత్తి అతికించా. పేపర్ మూసేసి, నీ మాటల్లో రాసి, మళ్లీ తెరిచి సరిచూసుకో. రెఫరెన్సులు మాత్రం జొటెరోలో (రెఫరెన్సులు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) మొదటిరోజు నుంచే వెయ్, ఆఖరి వారంలో వేద్దామనుకుంటే నీకు తిరుమల నడక గుర్తొస్తుంది.

తిరుపతి_ఫైనలియర్:
అందరికీ థాంక్స్. మూడు రోజులు కూర్చున్నా. బడి ప్రశ్న పెట్టుకుంటే 40లో 17 మిగిలాయి. చార్ట్‌లో నేనే ఇంకో గడి కలిపాను, "బాల్య వివాహ నిషేధ అధికారి గానీ సోషల్ వర్కర్ గానీ ఏం చేశారు" అని. చట్టంలో ఆ అధికారి ఉన్నారు కదా. పదిహేడింటిలో ఆ గడి నిండింది రెండిటికే. మేడమ్‌కి ఫోటో పంపితే, "ఈ ఖాళీ గురించే ఒక చాప్టర్ రాయి" అన్నారు. ఆ పన్నెండు పేజీలూ పక్కన పడేశాను, మనసు రాలేదు గానీ.