చెన్నైలో ఆరు వారాల ఎండాకాలం సెలవులు, సమ్మర్ క్యాంపులు లేకుండా

పెరంబూరు అమ్మ:
పిల్లలకి 8, 11 ఏళ్లు. పగలు మేమిద్దరం ఆఫీసులో, ఇంట్లో వాళ్ల నాయనమ్మ. మే మొదటి నుంచి ఆరు వారాలు. క్యాంపులు వద్దు, ఇంకో బడిలాగానూ ఉండకూడదు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. బళ్లో తమిళం నేర్చుకున్నారు. డాబా మాదే. ఏం చేయించవచ్చు?

డాబా లెక్కలు:
గోడకి గంటగంటకూ టైంటేబుల్ అంటించకండి, నాలుగో రోజుకి ఎవరూ చూడరు. ఆరు వారాలూ సాగే పని ఒక్కటి పెట్టండి. మే 4 నుంచి 28 వరకు కర్తరి, అంటే ఎండ బాగా ముదిరే రోజులు, ఇక్కడివాళ్ల కత్తిరి. సముద్రపు గాలి ఆలస్యమైన రోజు ఎండ 40 దాటుతుంది. అందుకని ఆటలు పొద్దున 8:30 లోపు, మళ్లీ సాయంత్రం 5 తర్వాతే.

ఆ ఒక్క పనిగా నీడ కొలతని ఎంచుకోండి. ఏప్రిల్ 24-25 దాటాక చెన్నైలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా వెళ్తాడు, నీడ దక్షిణానికి పడుతుంది. నీడ ఎప్పుడూ ఉత్తరానికే అనుకునే పెద్దవాళ్లని కూడా పిల్లలు ఓడించవచ్చు. రెండడుగుల చెక్క మీద మీటరు కర్రని ఎల్ క్లాంపుతో (L ఆకారపు ఇనుప పట్టీ) నిలబెట్టండి. బకెట్లో ఇసుక పోసి పాతితే దండగ, ఈ నీడ బకెట్ అంచు కూడా దాటదు. దారానికి నట్టు కట్టి వేలాడదీస్తే కర్ర నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది. వాన నీళ్లు పోవడానికి డాబాకి వాలు ఉంటుంది కాబట్టి చెక్క కింద అట్టముక్కలు పెట్టి, పళ్లెంలో నీళ్లు పోసి మట్టం చూడండి.

కొలవాల్సింది సరిగ్గా 12కి కాదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, చెన్నై 80.3 దగ్గర ఉంది. ఈ తేడాకి సూర్యుడి నడకలోని హెచ్చుతగ్గులు కూడా కలిపితే ఇక్కడి అసలు మధ్యాహ్నం మేలో 12:05, జూన్ మొదట్లో 12:07 అవుతుంది. వారానికి రెండుసార్లు చాలు. నీడ పొడవు మే 1న మూడు సెంటీమీటర్ల పైచిలుకు, 15న సుమారు 10, జూన్ 1న 16 దాకా రావాలి. నీడ కొస మసగ్గా ఉంటుంది, ఆ మసక మధ్యలో గీత పెట్టాలి. ఎనిమిదేళ్లవాళ్లు గీత పెడితే పదకొండేళ్లవాళ్లు గ్రాఫు గీస్తారు.

పెరంబూరు అమ్మ:
మధ్యాహ్నం 12కి డాబా మీదికా? అత్తయ్య ఒప్పుకోరండీ.

డాబా లెక్కలు:
చెప్పులు, టోపీ, ఐదే నిమిషాలు. చెక్కని పొద్దున్నే సర్దిపెట్టుకోవాలి. సూర్యుడి వైపు మాత్రం అస్సలు చూడనివ్వకండి.

పలకాబలపం:
తెలుగుకి అ నుంచి ఱ వరకు వరసగా వెళ్లొద్దు. మొదటి వారం గ, ర, స, న, ల, వ, డ, ప, ద, మ. ఈ పదితోనే పడవ, గడప, వరద, పనస, దవడ, మడమ చదివేస్తారు. గుణింతం రెండో వారం నుంచి, రోజుకి రెండు గుర్తులే. ఒత్తులు చివర్లో. తమిళం చదివే పిల్లలు ప-బ, త-ద, క-గ దగ్గర తడబడతారు, ఆ లిపిలో రెండిటికీ ఒకటే అక్షరం కాబట్టి. అది బద్ధకం కాదు, తిట్టకండి. జంటగా పలికించి రాయించండి: పలక-బలపం, తాత-దాత. రోజుకి 20 నిమిషాలు, అంతే.

సగ్గుబియ్యం:
నాయనమ్మగారు ఉన్నారుగా, వడియాలు పెట్టించండి. గ్లాసు సగ్గుబియ్యం నాలుగైదు గంటలు నానబెట్టి, ఆరు గ్లాసుల నీళ్లలో గింజ అద్దంలా అయ్యేదాకా ఉడికించాలి. పచ్చిమిర్చి ముద్ద, జీలకర్ర. ఉప్పు రుచికి కాస్త తక్కువే వేయాలి, ఎండాక అదే ఎక్కువవుతుంది. కలపడం పెద్దవాళ్ల పని, ఆ జావ చర్మానికి అంటుకుంటే వదలదు, బాగా కాలుతుంది. గోరువెచ్చగా అయ్యాక చెంచాతో కవరు మీద పెట్టడం పిల్లల పని. మరీ చల్లారనిస్తే గడ్డకడుతుంది. సముద్రపు తేమ వల్ల రాత్రి బయట వదలకూడదు. రెండోరోజు తిరగేయాలి, విరిస్తే పుటుక్కుమనాలి. వంగితే డబ్బాలో బూజే. ఒక వడియాన్ని పెట్టగానే ఒకసారి, ఎండాక ఒకసారి వంటింటి త్రాసులో తూయించండి, ఎంత తగ్గుతుందో ముందే పందెం కట్టమనండి.

ఎగ్మూరు దారి:
వారానికి ఒక్క చోటు చాలు. ఎగ్మూరు మ్యూజియం 1851 నాటిది, శుక్రవారం సెలవు. అక్కడున్న అమరావతి స్తూపం రాళ్ల దగ్గరే గంట గడపండి. గ్యాలరీ తెరిచి ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. బుద్ధుణ్ణి మనిషిగా కాకుండా పాదాలుగా, ఖాళీ ఆసనంగా, చక్రంగా చెక్కిన చోట్లు వెతకమంటే పిల్లలు కదలరు. మొత్తం మ్యూజియం తిప్పారంటే కాళ్లనొప్పులే.

ముత్తుకాడు దక్షిణచిత్రకి మంగళవారం సెలవు. అక్కడ మన కోస్తా చుట్టిల్లు ఉంది. ముందు దాని లోపలికే వెళ్లండి, ఎండకి బయటి గోడనీ నీడలో లోపలి గోడనీ తాకి చూడమనండి. తుపాను గాలి దెబ్బ గుండ్రటి గోడకి ఎందుకు తక్కువో అక్కడే చెప్పొచ్చు. గిండీ పిల్లల పార్కుకి కూడా మంగళవారమే సెలవు. చాలామంది ఆ రోజే వెళ్లి గేటు చూసి వెనక్కొస్తారు.