దుబాయ్ నుంచి ఫిష్ ఫైండర్, వీహెచ్‌ఎఫ్ తెప్పించుకోవడం లాభమేనా?

ప్రశ్న (గోపాల్‌పూర్, గంజాం జిల్లా):
మాది ఫైబర్ పడవ, 12 వోల్టుల బ్యాటరీ ఉంది. వచ్చే నెల దుబాయ్ నుంచి వస్తున్న మా బావగారి చేత ఫిష్ ఫైండర్ (నీటి కింద చేపల్ని తెర మీద చూపే పరికరం), వీహెచ్‌ఎఫ్ సెట్టు (పడవల్లో మాట్లాడుకునే రేడియో) తెప్పించుకుంటే ఇక్కడికన్నా చవకగా వస్తాయని ఆశపడుతున్నాను. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు (ఆర్జిపల్లి):
తమ్ముడూ, నేను అలాగే తెప్పించుకున్న ఫిష్ ఫైండర్ తెర లోపల మొదటి వానాకాలంలోనే చెమ్మ చేరి, సముద్రపు అడుగును చూపే గీత మసకబారిపోయింది. వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుందన్నారు. మిగిలిందనుకున్న డబ్బంతా మరమ్మతుకే పోయింది. కొనేటప్పుడు ట్రాన్స్‌డ్యూసర్‌ను, అంటే నీటిలోకి శబ్ద తరంగాలు పంపి ప్రతిధ్వనిని అందుకునే భాగాన్ని, తప్పక చూడండి. 200 కిలోహెర్ట్జ్ తరంగం తక్కువ లోతులో చేపను స్పష్టంగా చూపుతుంది, లోతుకు వెళ్లేకొద్దీ 50 కిలోహెర్ట్జ్ కావాలి. జీపీఎస్ కూడా కలిసి ఉన్న సెట్టయితే అందులో మన తీరం పటం ఉందో లేదో అడగండి.

జవాబు (బరంపురం, పడవల వైరింగ్ పని):
ఫిష్ ఫైండర్ సంగతి ఎలా ఉన్నా, వీహెచ్‌ఎఫ్ మాత్రం ఇక్కడే కొనండి. అది ప్రసారం చేసే పరికరం కాబట్టి ప్రభుత్వ ఆమోదం, లైసెన్సు కావాలి. ఆపదలో పిలవవలసిన 16వ ఛానెల్, అంటే 156.8 మెగాహెర్ట్జ్, పని చేస్తోందో లేదో కొట్లోనే పరీక్షించుకోవచ్చు. శాటిలైట్ ఫోను మాత్రం అనుమతి లేకుండా తేవద్దని బావగారికి గట్టిగా చెప్పండి, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.

ప్రశ్న అడిగినవారు:
అన్నగారూ, చాలా మేలు చేశారు. వీహెచ్‌ఎఫ్ బరంపురంలోనే తీసుకుంటాను.